శిఖరానికి దారి వేసినది ఎవరు?

మధురానగర్‌లో నేను అద్దెకుంటున్న ఇంటినుంచి కాలేజీకి బయలుదేరితే ప్రతి ఉదయం రెండు గుంపులు ఎదురవుతాయి. ఒకటి, యూసఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం వైపు సంచులు భుజాన వేసుకుని పరుగెత్తే పిల్లలది. రెండవది, కృష్ణానగర్ వీధుల్లో టిఫిన్ బండ్ల దగ్గర నిలబడి షూటింగు బండి కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులది. ఇటు నడిస్తే సారథి స్టూడియో. అటు కొండెక్కితే జూబిలీహిల్స్, ఫిలింనగర్. ఆటా సినిమా ఇంత పక్కపక్కన బతికే పేట మన రాష్ట్రంలో మరొకటి వుండదేమో. అయినా ఈ రెండు గుంపులూ ఒకదాన్నొకటి చూసుకోవు. ఆ పిల్లల్లో ఏ ఒక్కరి కథా ఈ కొండమీది ఆఫీసుల్లోకి పోగా నేను చూడలేదు. పోయిన ఒకటీ అరా కథ ఎలా తిరిగి వచ్చిందో తరువాత చెబుతాను.

2014 మే 25న నిజామాబాదు జిల్లా సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరంమీద నిలబడింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరమెక్కిన బాలిక అంతకుముందు ప్రపంచంలో ఎవరూ లేరు. తల్లిదండ్రులు లంబాడాలు, వ్యవసాయ కూలీలు. అదే రోజున ఆమెతోపాటు ఎక్కినవాడు ఖమ్మం జిల్లా దళిత బాలుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. అది జరిగిన ఎనిమిదవ రోజున తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. మూడేళ్లకు, 2017 మార్చి 31న, ‘పూర్ణ’ అనే చలనచిత్రం విడుదలయింది. దర్శకుడు రాహుల్ బోస్. భాష హిందీ. వచ్చినది బొంబాయినుంచి. సరిగ్గా అదే రోజున తెలుగు థియేటర్లలోకి వచ్చిన మరొక క్రీడా చిత్రం ‘గురు’. అందులో బస్తీ పిల్ల ఒకతె బాక్సింగు నేర్చుకుని గెలుస్తుంది, కాని చిత్రానికి పేరు నేర్పినవాడిది. ఒక చిత్రానికి శిష్యురాలి పేరు, మరొకదానికి గురువు పేరు. ఈ తేడా చిన్నదేమీ కాదు. అయితే దీన్ని చూసి బొంబాయిని మెచ్చుకుని, ఫిలింనగర్‌ను తిట్టి వూరుకుంటే విమర్శ అయిపోదు. పేరు ఎవరిదైనా, కథలో దారి ఎవరు వేసినట్టు చూపించారన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు కొత్తగాని, ప్రపంచానికి పాతది. అమెరికాలో నల్లజాతి ఆటగాళ్ల జీవితాలు తెరకెక్కిన చరిత్ర చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో మైదానంలో దిగాడు. అమెరికన్లకు బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్ వంటిది, ఇంకా ఎక్కువ. దాదాపు 60 సంవత్సరాలుగా ఆ పెద్ద లీగులో నల్లవాడెవడూ ఆడలేదు. అలా ఆడరాదని రాతపూర్వకమైన చట్టం లేదు, అవసరమూ లేకపోయింది. మన వూళ్లలో బావి దగ్గర ఏ బోర్డు పెట్టి మనుషుల్ని ఆపారు? 1950లో ‘ది జాకీ రాబిన్‌సన్ స్టోరీ’ అనే చిత్రం వచ్చింది. రాబిన్‌సన్ పాత్రను 31 ఏళ్ల రాబిన్‌సనే వేశాడు. చిత్రం చూస్తే జరిగినదంతా జట్టు యజమాని బ్రాంచ్ రిక్కీ ధర్మబుద్ధివల్ల జరిగిందనే అభిప్రాయం కలుగుతుంది. రిక్కీ సాహసం చేయలేదని నేననను. కాని ఆ ద్వారం తెరవమని 1936 నుంచీ కమ్యూనిస్టు పత్రిక ‘డెయిలీ వర్కర్’ క్రీడల పేజీలో లెస్టర్ రాడ్నీ అనే సంపాదకుడు ఉద్యమం నడిపాడు. 1943 డిసెంబరులో పాల్ రోబ్సన్ స్వయంగా పోయి బేస్‌బాల్ కమిషనర్ ల్యాండిస్ ఎదుట, జట్ల యజమానుల ఎదుట నిలబడి వాదించాడు. రోబ్సన్‌ను మనం గాయకుడుగా ఎరుగుదుము. ఆయన కాలేజీ రోజుల్లో దేశంలోనే పేరెన్నికగన్న ఫుట్‌బాల్ ఆటగాడు కూడా. ఈ మనుషులెవరూ ఆ చిత్రంలో లేరు.

అంతకంటె బాధ కలిగించే సంగతి మరొకటి వుంది. 1949 జూలైలో అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం రాబిన్‌సన్‌ను పిలిపించి, రోబ్సన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించింది. తనకు దారి వేసినవారిలో ఒకనిమీద తననే ప్రయోగించారు. ఆ సాక్ష్యంలో కూడా రాబిన్‌సన్ పూర్తిగా లొంగిపోలేదు. పోలీసు దౌర్జన్యాన్నీ లించింగులనూ ఖండించేవాడు కమ్యూనిస్టు అయినంతమాత్రాన ఆ ఆరోపణలు అబద్ధమైపోవని కూడా అన్నాడు. మరుసటి సంవత్సరం వచ్చిన చిత్రం ఆ సాక్ష్యం సన్నివేశంతోనే ముగుస్తుంది. కాని అక్కడ వినిపించేది దేశభక్తి, ప్రజాస్వామ్యంమీద నమ్మకం. లించింగుల మాట వినిపించదు. అదే 1950లో ప్రభుత్వం రోబ్సన్ పాస్‌పోర్టును లాక్కున్నది, 1958 దాకా తిరిగి ఇవ్వలేదు. 1972లో, తాను చనిపోయిన సంవత్సరంలో వెలువడిన ఆత్మకథలో రాబిన్‌సన్, అటువంటి పిలుపు మళ్లీ వస్తే తిరస్కరిస్తానని, రోబ్సన్‌పట్ల తనకు గౌరవం పెరిగిందని రాసుకున్నాడు. ఆ పశ్చాత్తాపాన్ని 1950 నాటి ఫిల్ముకు అతికించే వీలు లేదు గదా!

పాఠకులు దీన్ని అమెరికా సంగతిగా తీసుకోవచ్చు. కాని మన దేశంలోనూ ఇటువంటిదే ముందే జరిగింది. ధార్వాడలో దళిత కుటుంబంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టులో అందరికన్న గొప్ప బౌలరు. పూనాలో ఆయనతో కలిసి ఆడిన హిందువులే ఆయనకు టీ వేరే గ్లాసులో ఇచ్చారు. హిందువుల జట్టుకు నాయకత్వం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. అంబేద్కర్ యువకుడుగా వున్నప్పుడు ఆయనను ఎంతో మెచ్చుకున్నాడు. 1937లో బొంబాయి శాసనసభ ఎన్నికల్లో అదే అంబేద్కర్‌మీద కాంగ్రెసు పార్టీ బాలూను పోటీకి నిలబెట్టింది. బాలూ ఓడిపోయాడు. అణగారిన జాతినుంచి ఒక మనిషి పైకి వస్తే ముందు అతన్ని ఆపుతారు, ఆపలేకపోతే కీర్తిస్తారు, కీర్తించిన తరువాత అతన్ని తన వాళ్లమీదికే తోలుతారు. జీవిత చిత్రం ఈ మూడు దశల్లో మొదటిదాన్ని మహా ఉత్సాహంతో చూపుతుంది. రెండవదానితో ముగుస్తుంది.

ఇక మన తెలుగు చిత్రాల మాట. సారథి స్టూడియో మీదుగా పోయినప్పుడల్లా నాకు 1938 నాటి ‘మాలపిల్ల’ గుర్తుకు వస్తుంది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో దాన్ని తీసినది సారథి ఫిల్మ్స్. సంస్థకు అండ చల్లపల్లి రాజా. మరుసటి సంవత్సరం అదే సంస్థ జమీందారీ వ్యవస్థను ఎదిరించే ‘రైతుబిడ్డ’ తీసింది. జమీందారు డబ్బుతో జమీందారీ వ్యతిరేక చిత్రం! ఆ వైచిత్రి సంగతి మన పెద్దలు చాలాసార్లు రాశారు, నేను మళ్లీ రాయను. నేను గమనించినది వేరు. ‘మాలపిల్ల’లో మాలపిల్ల కాంచనమాల. ఆ పిల్ల విముక్తికి దారి ఒక బ్రాహ్మణ యువకుని ప్రేమగుండా పోయింది. కాలానికి అది పెద్ద సాహసమే, ఒప్పుకుంటాను. అయితే ఆనాడు పడిన అచ్చు తరువాత చెరిగిపోలేదు. అణగారినవారి కథ కావాలి, కాని కథను కదిలించేవాడు బయటివాడై వుండాలి.

దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి మన పరిశ్రమలో జరిగింది. 1985లో ఉషాకిరణ్ మూవీస్ సంస్థ ‘మయూరి’ తీసింది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన పాత్రను తానే వేసింది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. ఆ విజయం చూసి అదే సంస్థ 1991లో పరుగు పందెముల రాణి అశ్వినీ నాచప్పను తీసుకువచ్చి, ఆమె పేరుతోనే ‘అశ్విని’ తీసింది, మౌళి దర్శకత్వంలో. చిన్నప్పుడు టీవీలో నేనా చిత్రం చూశాను. కథలో చాలా భాగం మరిచిపోయాను గాని పరుగు మరిచిపోలేదు. మన తెరమీద నాయిక పరుగెత్తితే అది చెట్ల చుట్టూనో, దుండగులకు భయపడో వుండేది. ఇక్కడ ఒక స్త్రీ తన కాళ్లమీద తాను నమ్మకంతో, ఎదుటివారిని దాటడానికి పరుగెత్తింది. నటన సామాన్యమే. కాని ఆ కండరాలు నటించడం లేదు.

అశ్వినీ నాచప్పను పత్రికలవాళ్లు ‘భారతదేశపు ఫ్లోజో’ అనేవారు. ఫ్లోజో అంటే ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్, 1988లో 100 మీటర్లు 10.49 సెకండ్లలో, 200 మీటర్లు 21.34 సెకండ్లలో పరుగెత్తిన నల్లజాతి స్త్రీ. పత్రికలు ఆమెనుంచి అరువు తెచ్చుకున్నది అలంకారాన్ని, గోళ్లరంగునే గాని ఆమె వెనకవున్న చరిత్రను కాదు. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేదల వాడనుంచి ఆ స్త్రీ ఎలా వచ్చిందన్న ప్రశ్న మనవాళ్లకు పట్టలేదు.

రాబిన్‌సన్ 1950లో, ముహమ్మద్ అలీ 1977లో ‘ది గ్రేటెస్ట్’లో, అశ్విని 1991లో – తమ పాత్ర తామే వేసిన ఆటగాళ్లు వీరు. ఇందులో ఒక లాభం, ఒక మోసం రెండూ వున్నాయి. శరీరం నిజమైనది గనుక ప్రేక్షకుడు మిగతా కథనంతా నిజమని నమ్ముతాడు. సాక్షి సాక్షాత్తూ తెరమీద వుండగా సాక్ష్యాన్ని శంకించేదెవరు? అయితే మనిషి తనవాడు అయినా మాటలు రాసేవాడు వేరు.

ఈ సంగతి నాకు పుస్తకాలవల్ల కాదు, అనుభవంవల్ల తెలిసింది. కొన్నేళ్ల కిందట నా పాత విద్యార్థి ఒకడు, సహాయ దర్శకుడు, తండానుంచి వచ్చిన ఒక పరుగుపిల్ల కథ రాసుకున్నాడు. సంభాషణలు చూసిపెట్టమంటే చూశాను. ఇద్దరం కలిసి ఫిలింనగర్‌లో ఒక ఆఫీసుకు వినిపించడానికి పోయాం. పెద్దమనిషి గంటన్నర ఓపికగా విన్నాడు, కాఫీ ఇప్పించాడు, కళ్లు తుడుచుకున్నాడు కూడా. చివరికి అన్నాడు: ‘మాస్టారూ, కథ బ్రహ్మాండం. కాని ఇందులో హీరో ఏడీ?’ మా వాడు పరుగుపిల్లను చూపించాడు. ‘ఆ అమ్మాయి సరే, ఆమెకు కోచ్ వుంటాడు గదా, ఆయన్ని ముందుకు తీసుకురండి. డేట్లు నేను చూసుకుంటాను’ అన్నాడు. పిల్ల రంగు గురించి కూడా ఒక మాట వచ్చింది. ‘మేకప్‌తో కొంచెం నలుపు చేద్దాం, బొంబాయి అమ్మాయిని పెడదాం’ అని. కిందికి దిగి వస్తుంటే కృష్ణానగర్‌లో అదే రంగుగల ఆడవాళ్లు పాతికమంది జాతర సీను కోసం బండి ఎక్కుతున్నారు. ఆ పెద్దమనిషిని నేను దుర్మార్గుడనను. ఆయన తన లెక్క చెప్పాడు. పెట్టుబడికి స్టారు హామీ, స్టారుకు మొదటి పాత్ర హామీ, అంటే పందెం ఎవరు పరుగెత్తినా గెలిచేవాడు ముందే నిర్ణయమై వుంటాడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000 సెప్టెంబరు 19న 240 కిలోలు ఎత్తి, దేశంలో ఒలింపిక్ పతకం సాధించిన మొదటి స్త్రీగా నిలిచిన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరిమీద చిత్రం తీస్తామని 2020 జూన్ 1న ఆమె పుట్టినరోజున ప్రకటించారు. ఆ ప్రకటనే మిగిలింది.

ఈ నేపథ్యంలో ‘పూర్ణ’ను చూస్తే దాని మంచితనం కనిపిస్తుంది. పిల్లనే మధ్యలో పెట్టాడు దర్శకుడు. అదితి ఇనామ్‌దార్ అనే కొత్త బాలిక ఆ పాత్రను ఏ ఆర్భాటమూ లేకుండా పోషించింది. బాల్యవివాహం పూర్ణ చెలిమిని మింగేసిన భాగం ఎవరి గుండెనైనా తాకుతుంది. కాగా ఒక విషయం నన్ను వదల్లేదు. గురుకుల సంస్థ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పాత్రను దర్శకుడే వేశాడు. పిల్లకు శిఖరం చూపే చెయ్యి, కెమెరా నడిపే చెయ్యి ఒకటే అయినాయి. నేను మొదట దీన్ని రిక్కీ కథే మళ్లీ అనుకుని, అలా క్లాసులో చెప్పాను కూడా. అది తొందరపాటు. రిక్కీ తెల్లవాడు, జట్టు యజమాని. ప్రవీణ్‌కుమార్ దళితుడు, సంక్షేమ వసతిగృహాలు ఎరిగినవాడు. పైవాడు కిందికి చెయ్యి చాచడం వేరు, కిందినుంచి వచ్చినవాడు వెనక్కి తిరిగి చెయ్యి చాచడం వేరు. చిత్రంలో పోయినది సరిగ్గా ఈ తేడాయే. అక్కడ మనకు కనిపించేది మంచి ఆఫీసరు. ఆ ఆఫీసరును పుట్టించిన చరిత్ర కనిపించదు.

ఆ చరిత్ర ఏమిటి? శిఖరంమీదికి ఆ ఇద్దరు పిల్లలూ జాతీయ పతాకంతోపాటు అంబేద్కర్ బొమ్మను, ఎస్.ఆర్. శంకరన్ బొమ్మను తీసుకుపోయారు. శంకరన్‌ను ఈ పత్రిక పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. వెట్టిచాకిరీ నిర్మూలనకు జీవితం ధారపోసిన ఐ.ఎ.ఎస్. అధికారి. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు నిర్బంధించి విడిచిపెట్టిన తరువాత కూడా ఆదివాసుల పక్షం మాట్లాడడం మానలేదు. పద్మభూషణ్ వద్దన్నాడు. దళిత పిల్లలకు గురుకుల పాఠశాలలు ఏర్పడడంలో ఆయన పాత్ర వుంది. కాని శంకరన్ ఒక్కడే చేశాడనుకుంటే మనమూ సినిమావాళ్ల తప్పే చేసినట్టు. ఆ పాఠశాలలు విస్తరించిన దశకమే 1985 జూలై 17 నాటి కారంచేడు దశకం, ఆ రక్తంలోంచి దళిత మహాసభ లేచిన దశకం. లంబాడాలకు తెలంగాణలో షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976లో గాని రాలేదు. దానికి పాతికేళ్ల ముందే ధర్మాపురం తండాలో భూమికోసం విసునూరు దొరతో పోరాడి, జాటోతు ఠానూనాయక్ వంటివారు ప్రాణాలిచ్చారు. పాకాలనుంచి తాడ్వాయి గురుకులానికి, అక్కడినుంచి భువనగిరి గుట్టకు, డార్జిలింగుకు, టిబెట్టుకు పోయిన దారిలో మొదటి మెట్లు ఇవి. రెండు గంటల చిత్రంలో ఇదంతా పట్టించమని ఎవరూ అడగరు. ఒక గోడమీద ఒక పటం చాలు, ఒక ముసలమ్మ నోట ఒక పాట చాలు.

టిబెట్టు అన్నాను గనుక ఆ వైపునుంచి ఎందుకు ఎక్కారో చెప్పాలి. నేపాలు ప్రభుత్వం 16 ఏళ్లలోపు వాళ్లకు అనుమతి ఇవ్వదు. అదే సంవత్సరం ఏప్రిల్ 18న నేపాలు వైపు ఖుంబు మంచుపాతంలో 16 మంది పర్వత కార్మికులు, ఎక్కువమంది షేర్పాలు, హిమపాతం కింద సమాధి అయినారు. ఇతరులు ఎక్కడానికి తాళ్లూ నిచ్చెనలూ సామాన్లూ మోస్తూ చనిపోయినవాళ్లు వారు. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి మొదట 40,000 నేపాలీ రూపాయలు ప్రకటిస్తే మిగిలినవాళ్లు మండిపడ్డారు, ఆ ఏడాది ఎక్కం పొమ్మన్నారు. పర్వతారోహణ చరిత్రలో అది ఒక సమ్మె. శిఖరాలెక్కినవారి చిత్రాల్లో ఇటువంటి మరణాలు సాధారణంగా నాయిక ధైర్యానికి పరీక్షగా ఉపయోగపడతాయి. కూలీవాని బిడ్డ శిఖరమెక్కిన సంవత్సరమే శిఖరపు కూలీలు పని మానారన్న విషయం ఒక్క చిత్రంలో చోటుచేసుకుంటే ఎంత బాగుండేది! పూర్ణ తరువాత ఆగలేదు. 2022 జూన్‌లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తిచేసింది. చిత్రం ఎప్పుడో ముగిసినా మనిషి నడుస్తూనే వుంది.

కిందటి సంవత్సరం మా కాలేజీలో ఈ చిత్రం వేసి చర్చ పెట్టాం. నేను రోబ్సన్ దగ్గరనుంచి మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాను. బి.ఎ. మొదటి సంవత్సరం చదువుతున్న లంబాడా విద్యార్థిని, గురుకులంలో చదివి వచ్చినది, చివర లేచి, ‘మా అమ్మ నన్ను హిందీల పిలుస్తదా సార్?’ అన్నది. క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు. ‘తెలుగుల కూడ పిలవదు’ అన్నది మళ్లీ. బొంబాయి భాషమీద నేను సిద్ధంచేసుకున్న విమర్శంతా ఆ రెండవ మాటతో నామీదికే తిరిగింది. తెలుగులో తీసివుంటే సరిపోయేదని గదా నేను గంటసేపు చెప్పినది! గోర్‌బోలీలో తల్లి బిడ్డను పిలిచే పిలుపు నాకూ రాదు. తండా పిల్ల కథకు సంభాషణలు దిద్దిన పంతులును నేను. ఆనాడు ఫిలింనగర్ పెద్దమనిషి అడిగిన ప్రశ్న తప్పే, కాని మా స్క్రిప్టులో తల్లి మాట్లాడినదంతా నా తెలుగే.

తరువాత ఆమె స్టాఫ్‌రూముకు వచ్చి మరొక సంగతి చెప్పింది. భువనగిరి గుట్టమీద తర్ఫీదుకు నూరుమందికి పైగా పిల్లల్ని తీసుకుపోయారు. ఎవరెస్టుకు పోయినది ఇద్దరు. మిగిలినవాళ్లలో ఒకతె ఈమెకు వరసకు అక్క. మధ్యలోనే వెనక్కి పంపించిన బస్సులో కూర్చుని వచ్చింది. ఇప్పుడు పెళ్లయి, ఇద్దరు పిల్లలు. ఏ వాగు దగ్గర బండ కనిపించినా చెప్పులు విడిచి ఎక్కి చూస్తుందట. ‘ఆ బస్సు గురించి రాయి’ అన్నాను.

రాసింది. నాలుగు పేజీలు, తెలుగు లిపిలో గోర్‌బోలీ. నాకు సగం అర్థమయింది. ఈ పత్రికకు ఇమ్మని అడిగాను. ‘ముందు అక్కకు చదివి వినిపియ్యాలె సార్, అక్క వొద్దంటే ఇయ్య’ అన్నది. దసరా సెలవులకు తండాకు పోయింది.